రెండో బాకా

మా కొండల్లో జింకల వేట మొదలయ్యే రోజున బడికి సెలవిచ్చేవారు. అంత తుపాకి పిచ్చి మాది. పెన్సిల్వేనియాలో ఇంకెక్కడెక్కడ జనం మిగిలారో నాకు తెలియదు గానీ, మా లోయలో మాత్రం చచ్చినవాళ్ళు లేచి తిరగడం మొదలయ్యాక ముందుగా పోయింది గురి బాగా ఉన్నవాళ్ళే. ఒక తూటాకి ఒకడు కూలేవాడు. ఆ చప్పుడుకి వీధి వీధంతా కదిలొచ్చేది. ఆ సంగతి బుర్రకెక్కేలోపు మా వేటగాళ్ళలో సగం మంది అటువైపు చేరిపోయారు.

లేచినవాళ్ళకి చూపు ఆనదు. చెవులు మాత్రం పనిచేస్తాయి. చప్పుడు ఎటు వినిపిస్తే అటు తిన్నగా నడుస్తారు. దారిలో గోడ ఉందా గొయ్యి ఉందా చూసుకోరు. చప్పుడు ఆగిపోయినా అది వచ్చిన చోటికి చేరాకే నిలబడతారు, ఇంకోటి వినబడేదాకా. దీన్ని ముందు కనిపెట్టింది మా మామ ఓర్విల్ క్రెబ్స్. సైన్యంలో సార్జెంటుగా చేసి వచ్చిన మనిషి. బతికున్నవాళ్ళందరినీ వాగుకి ఇవతల గట్టు మీదున్న మాజీ సైనికుల భవనంలోకి చేర్చి, మొదటి రోజే తుపాకులన్నీ లాక్కుని వంటగది ఇనప బీరువాలో పెట్టి తాళంచెవి మెళ్ళో వేసుకున్నాడు.

"తుపాకి లేకపోతే నేనేం మగాణ్ణి సార్జెంటూ?" అని ఒకడు గోల పెట్టాడు.

"బతికున్న మగాడివి. చాల్లేదా?" అన్నాడు మామ.

ఆ తర్వాత ఆయుధాల కోసం చెయ్యని ప్రయత్నం లేదు. ఒకాయన గోడకి తగిలించుకున్న కత్తి తెచ్చాడు. రెండో దెబ్బకి పిడి ఆయన చేతిలో, కత్తి శవంలో ఉన్నాయి. బల్లేలు చేశాం. అవి పక్కటెముకల్లో ఇరుక్కుని రావు, ఈలోగా వెనకవాడు మీదికొస్తాడు. రంపపు మిషన్ పట్టుకొచ్చినవాణ్ణి మామ చెంప మీద కొట్టినంత పని చేశాడు, ఆ రొదకి పక్క ఊరు కూడా వస్తుందని. చివరికి తేలిందేమిటంటే, పశువుల కొట్టంలో గడ్డి ఎత్తే పంగలకర్రా, పొడుగు పిడి ఉన్న పెద్ద సుత్తీ. ఒకరు పంగలకర్రతో గుండె దగ్గర అదిమి పట్టాలి, రెండోవాళ్ళు తల మీద ఒక్కటి వెయ్యాలి. జంటగా చేసే పని. తొందరపడితే ఇద్దరూ పోతారు. ఇందులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే నయమని నెల తిరక్కుండానే తెలిసిపోయింది. బడి బస్సు నడిపిన డార్లీన్ పంగలకర్ర పట్టిందంటే, ఎదుటివాడు ఎంత బరువున్నా జానెడు ముందుకి రాలేకపోయేవాడు.

వంతెన మీద అడ్డుకంచె కట్టి, దాని వెనక ఇలాంటి జంటల్ని నిలబెట్టాం. ఒకరో ఇద్దరో వస్తే సరిపోయేది. ఊరంతా ఒక్కసారి వస్తే ఆ కంచె ఎండు పుల్లల్లా పోతుందని అందరికీ తెలుసు. మిగతాచోట్ల వాగే మాకు కోట. లోతైన నీళ్ళు, జారుడు గట్లు.

నా భార్య కొరీన్ ఓర్విల్ కూతురు. ఆకులు రాలే రోజుల్లో నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆమెని కదిలించాలంటే తలుపుచెక్క మీద పడుకోబెట్టి నలుగురు మొయ్యాలి. పారిపోవాల్సి వస్తే భవనంలో ఉన్న అందరూ తమ కాళ్ళ మీద వెళ్ళగలరు, కొరీన్ తప్ప. మిగతావాళ్ళు ఏ యుద్ధం చేస్తున్నారో గానీ, నేను చేసేది ఆ ఒక్క మంచం చుట్టూనే.

ఆమెకి తోడుగా ఉండేది లెస్టర్. మోకాళ్ళు అరిగిపోయిన ముసలాయన, బీట్‌రూట్ రసంలో ఊరేసిన గుడ్లు తింటూ కబుర్లు చెప్పేవాడు. మా దగ్గర సైనికుణ్ణి పూడ్చేటప్పుడు మూడు విడతలు తుపాకులు పేల్చి, బాకా ఊదుతారు. సమాధి పక్కన డార్లీన్ ఊదేది. ఆమె ఒక్కో వరుస ముగించగానే, దూరంగా చెట్ల వెనక ఎవరికీ కనబడకుండా నిలబడి లెస్టర్ అదే వరుస తిరిగి ఊదేవాడు. పోయినవాడు అవతలి నుంచి బదులిచ్చినట్టుండేది.

"ఈ లోయలో ఎవరి సమాధీ నేను చూళ్ళేదమ్మాయ్. అన్నీ విన్నాను, అంతే," అని కొరీన్‌తో అంటుండేవాడు లెస్టర్.

చలి ముదిరేసరికి మామకి దగ్గు పట్టుకుంది. రక్తం పడుతోందని దాచాలని చూశాడు గానీ, రుమాలు ఉతికేది నేను. ఒకరోజు నన్ను పిలిచి కొరీన్ మంచం పక్కన కూచోబెట్టాడు.

"అల్లుడూ, వాగు గడ్డకడితే ఏమవుతుంది?"

"నడిచొస్తారు. అడగాలా?"

"ఎంతమంది?"

"ఊరంతా."

"నేను ఆలోపే పోతాను. నన్ను ఉత్తినే పూడ్చి పారెయ్యకండి." అని బొంగురు గొంతుతో చెప్పుకొచ్చాడు. ఊరికి అవతల పాత రాతిగని ఉంది. కొండని చీల్చి తవ్విన పెద్ద గొయ్యి. దాని అవతలి అంచున తనని పూడ్చాలి. అక్కడ తుపాకులు పేల్చాలి. చప్పుడు విని ఊరంతా తిన్నగా నడిచొస్తుంది. మధ్యలో గొయ్యి. "నాకు రావాల్సిన మూడు విడతలూ నాకు వస్తాయి. మీకు ఊరు ఖాళీ అవుతుంది. ఇందులో ఎవరికిరా నష్టం?"

"చచ్చిపోతూ కూడా యుద్ధమేనా నాన్నా?" అంది కొరీన్.

"మరి ఇంకేం చేతవును నాకు?"

నాకు భయమేసింది. కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళంతా గని దగ్గరుంటే ఈమె ఇక్కడ లెస్టర్ ఒక్కడి తోడుతో ఉండాలి. ఆ మాటే అన్నాను. కొరీన్ నా చెయ్యి పట్టుకుని, "వాగు గడ్డకట్టాక నువ్వు పక్కనుంటే మాత్రం ఏం చేస్తావు వెండెల్? వెళ్ళు. మా నాన్నని మర్యాదగా సాగనంపు," అంది. ఆ ఇంటివాళ్ళతో వాదించి గెలిచినవాడు లేడు.

వాగు అంచుల్లో మంచు పొర కట్టిన మర్నాడు మామ పోయాడు. మళ్ళీ లేవకుండా చెయ్యాల్సిన పని డార్లీన్ చేసింది. చేసి బయటికొచ్చి, సుత్తిని తుడిచి గోడకి ఆనించింది. ఆయన మెడలోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచాను.

బయల్దేరేముందు కొరీన్ తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. లెస్టర్‌కి అన్నీ అప్పగించాను. తలుపులు వెయ్యి, పొయ్యి ఆర్పు, గట్టిగా దగ్గకు, కిటికీ దగ్గరికి పోకు. "ఒరేయ్, నేను నువ్వు పుట్టకముందు నుంచీ కావలి కాశాను. పో," అన్నాడు. మూడు విడతల తర్వాత ఏం జరుగుతుందో మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు. తుపాకుల గురించే అంత మాట్లాడుకున్నాం గానీ, బాకా సంగతి ఒక్కరి నోటా రాలేదు.

కొండ వెనక కాలిబాట పట్టి, శవపేటికని మోసుకుంటూ గని చేరాం. ఎండ పొడిగా కాస్తోంది. గొయ్యి అంచున పూడ్చి, పైన కప్పిన జెండాని మడతపెట్టి కొరీన్ కోసం నా కోటులో దాచాను. డార్లీన్‌తో కలిపి ఏడుగురం వరసలో నిలబడ్డాం. తుపాకి బరువు చేతికి తగిలితే ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

పేల్చాం. పేల్చాం. మళ్ళీ పేల్చాం.

కిందున్న ఊరు కదిలింది. ఇళ్ళలోంచి, దుకాణాల్లోంచి, చర్చి మెట్ల మీంచి వచ్చారు. ఎదురుగా గొయ్యి ఉన్నా ఒక్కడూ ఆగలేదు. అంచు దాటి అడుగు వేశారు, పడ్డారు. వాళ్ళ వెనకవాళ్ళూ అంతే. ఒక్క అరుపు లేదు. సంచులు విసిరేస్తున్నట్టు కింద చప్పుడు, అంతే. మా ఇంటికి పాలు తెచ్చే ఆయన పడ్డాడు. మా పెళ్ళి చేసిన పాస్టరు పడ్డాడు. మామ లెక్క తప్పలేదు.

అప్పుడు డార్లీన్ చలికోటు లోపలి నుంచి బాకా తీసింది. నన్నడిగింది, కళ్ళతోనే. చప్పుడు ఎంతైతే అంత మంచిదేగా అనుకుని తలూపాను. కన్నీళ్ళు కారుతుండగా మొదటి వరుస ఊది, ఊపిరి కోసం ఆగింది.

ఊరికి అవతల, వాగు గట్టు మీంచి, అదే వరుస తిరిగి వచ్చింది.

ఎంత శుభ్రంగా ఊదాడో. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ అడక్కుండానే చేస్తున్న పని. స్నేహితుడు పోయాడు, బాకా మోగింది, బదులివ్వడం తన వంతు. డార్లీన్ చేతిలోంచి బాకా కిందపడింది. గొయ్యి దాకా రానివాళ్ళు, ఊరి దారి పొడుగునా ఉన్నవాళ్ళు, ఆగారు. ఒక్కొక్కరే అటు తిరిగారు. వాళ్ళకీ భవనానికీ మధ్య ఆ వంతెన మీది కంచె తప్ప ఏమీ లేదు. కంచె వెనక మనుషులు లేరు, అందరం ఇక్కడున్నాం.

"కొరీన్," అన్నాను.

మళ్ళీ పేల్చాం. కొందరు ఇటు తిరిగారు. మిగతావాళ్ళు అటే పోతున్నారు, ఆమెని మోసుకెళ్ళే చప్పుడు వినబడితే వీళ్ళూ అటే పోతారు. ఎవరో ఒకరు ఆపకుండా చప్పుడు చేస్తూ ఉండాలి. జెండా తీసి డార్లీన్ చేతిలో పెట్టాను. "కాలిబాటన వెళ్ళండి. ఆమెని తలుపుచెక్క మీద మొయ్యండి, లెస్టర్‌నీ తీసుకెళ్ళండి. కొండ మీదున్న, అడవి మంటలు కనిపెట్టే కావలి మంచె దాకా ఆగొద్దు. చేరాక ఈ జెండా వేలాడదియ్యండి, నాకు కనబడుతుంది."

"నువ్వో?"

"కొరీన్‌ని మొయ్యడానికి నలుగురు కావాలి, దారి కాయడానికి ఇద్దరు. నేను లెక్కలో మిగిలిపోయాను. పరుగెత్తు."

వాళ్ళు వెళ్ళాక తూటాలు అయిపోయేదాకా పేల్చి, ఒక సుత్తి తీసుకుని, గని పక్కనున్న, రాళ్ళు పిండి చేసే పాత యంత్రం నిచ్చెన ఎక్కాను. పైనున్న ఇనప తొట్టిని కొట్టడం మొదలుపెట్టాను. వంతెన దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగొచ్చారు. ఈసారి గొయ్యి మీదుగా కాదు. అటు నుంచి ఈ యంత్రం దాకా తిన్నగా వస్తే మధ్యలో గొయ్యి లేదు, గని లారీల బాట నా కిందికే చేరుస్తుంది. ఇది మామ లెక్కలో లేదు.

పొద్దు వాలుతోంది. కింద నేల కనబడటం లేదు, తలలే. ఇందాకే కొండ మీది మంచె నుంచి జెండా వేలాడింది. ఎరుపూ తెలుపూ బాగానే కనబడ్డాయి. కొరీన్ చేరింది. నేను పిల్లాడిలా ఏడ్చాను, ఏడుస్తూనే కొట్టాను.

ఇక ఆపొచ్చు. ఆపితే వీళ్ళు నన్ను మర్చిపోరు, ఇలాగే మొహాలు పైకెత్తి నిలబడతారు. ఇంకో చోటి నుంచి చప్పుడు వస్తేనే కదులుతారు. ఆ సంగతి నాకెంత తెలుసో కొరీన్‌కీ అంతే తెలుసు, ఓర్విల్ కూతురు. నా సుత్తి ఆగిన మరుక్షణం లెస్టర్ చేతిలోంచి బాకా లాక్కుని తనే ఊదుతుంది. వద్దని ఎవరు చెప్పినా వినదు. వీళ్ళంతా అటు తిరుగుతారు, నేను నిచ్చెన దిగొచ్చు.

భుజాలు పడిపోతున్నాయి. అయినా సుత్తి దించడం లేదు. ఆమె ఊదినా వీళ్ళకి వినబడకూడదు.