నడుము తిరగని మనిషి

షాట్‌పుట్‌లో గుండును విసిరేది నడుమే. చెయ్యి చివర్లో సాయం పడుతుంది, అంతే. పాదం నేలను తన్నితే ఆ బలం మధ్యలో జారిపోకుండా భుజం దాకా రావాలి. పదహారేళ్లుగా ఆడపిల్లలకు ఈ పాఠం అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. పోతే పోయింది గానీ, మనిషి నడక చూసి ఒంట్లో తేడా ఎక్కడుందో చెప్పేస్తానని నాకు మహా పొగరు.

ఆ రోజు జమ్మలమడుగు మైదానంలో పోటీలు. నా శిష్యురాలు గురవమ్మకు ఒక్క త్రో మిగిలింది. పది మీటర్లు దాటితే కడప స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. లేకపోతే తొండూరులో గొర్రెల వెంట తిరగడమే. బహుమతులివ్వడానికొచ్చిన పార్టీ నాయకుడు వేదిక మీదున్నాడు. ఎన్నికల ముందు అప్పటికే రెండు హత్యలయ్యాయి. ఆయన చుట్టూ ఉన్నవాళ్ల చొక్కాల కింద ఏముందో అందరికీ తెలుసు.

"నడుము వదలొద్దే," అంటుండగా, వేదిక వైపు నడిచొస్తున్న ఒకతను నా కంట్లో పడ్డాడు. కాళ్లు కదులుతున్నాయి, చేతులు ఊగడం లేదు. నడుము అసలు తిరగడం లేదు. చొక్కా కింద వీపు పొడవునా ఏదో గట్టిగా ఉంది.

వేటకొడవలి! నోరు మూసుకుంటే నాయకుడు పోతాడు, అరిస్తే ఇతను పోతాడు. ఆలోచించే ఓపిక నాకెప్పుడూ లేదు.

"పట్టుకోండప్పా! ఈపున కొడవలుంది!"

నాయకుడి మనుషులు ఒక్క దూకులో మీద పడ్డారు. కింద పడేసి తన్నారు. చొక్కా చింపితే లోపల వీపు పొడవునా ఇనుప పట్టీలున్న నడుము బెల్టు, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కట్టింది.

"నాయనా!" గురవమ్మ గుండు వదిలేసి పరిగెత్తింది.

అతను ఆమె తండ్రి రంగన్న. నేనెప్పుడూ చూడలేదు. బావిలో పడి వెన్ను దెబ్బతిని నెలగా మంచంలో ఉన్నవాడు, బిడ్డ ఆట చూద్దామని బస్సెక్కి వచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాయకుడు మైకందుకున్నాడు. "పొరపాటు అయింది లేప్పా. నా పానం కోసం ఈ టీచరమ్మ ఎట్ల అరిసిందో సూసినారా? ఈయమ్మ మన మనిషి!"

చప్పట్లు మోగాయి. నన్ను వేదిక మీదికి రమ్మని చెయ్యి ఊపాడు. మా వైపు ఫలానా నాయకుడి మనిషి అన్న ముద్ర ఒకసారి పడితే కడిగినా పోదు.

జడ్జి గురవమ్మ పేరు రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిస్తే ఇక అంతే.

"పోమ్మా, ఏసి రా," అన్నాడు రంగన్న, మూలుగుతూనే.

"తప్పు నాదే గురవమ్మా," అని బతిమాలాను. "ఆ త్రో పోగొట్టుకోవద్దు. మీ నాయన్ను నేను పట్టుకుంటా."

తండ్రి చంక కింద భుజం పెట్టి, ఆ పిల్ల అతన్ని మెల్లగా లేపింది.

"మా నాయన్ను ముట్టుకోవద్దు మేడం," అంది. "మీరు పొండి. మీ నాయకుడు పిలుస్తాండాడు."