రెండు గంటల కొండ

మొగుడూ పెళ్ళాలిద్దరికీ కొండల పిచ్చి. కాకపోతే గుండెకు స్టెంటు వేయించుకున్నాక మొగుడిగారి పిచ్చికి డాక్టరు తాళం వేశాడు. గాలి పలచబడే ఎత్తుకు వెళితే ఇక తన దగ్గరికి రానక్కర్లేదని తెగేసి చెప్పాడు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం, అందరూ కళ్ళజోళ్ళాయన అనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి చూపూ సరిచేశాను, నాకు మాత్రం చూడటానికి ఎదురింటి గోడ మిగిలిందని రోజూ సణుగుడు.

ఆమె ఊరుకునే రకం కాదు. ఆసుపత్రిలో ఫోన్ల దగ్గర ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. ఎవరితో ఏ మాట అనాలో, ఏది నోట రానివ్వకూడదో ఆమెకు తెలిసినంత డాక్టర్లకు కూడా తెలియదు. వారం రోజులు భోజనాల బల్ల మీద మ్యాపులు పరిచి, కనబడిన లాడ్జికల్లా ఫోను చేసి, ఆఖరికి ఒక కొండను పట్టింది. పన్నెండు వందల మీటర్లు దాటదు. ఎక్కడానికి రెండు గంటలు, దిగడానికి గంటన్నర. పైనుంచి మాత్రం మంచుకొండల వరస ఆ చివర నుంచి ఈ చివరకు కనబడుతుందట. అంత సులువైన కొండకు జనం ఎందుకు ఎగబడరని ఆమె అడగలేదు. చవగ్గా దొరికిన గుడ్డను తిరగేసి చూడాలని ఎవరికి తోస్తుంది?

వాళ్ళు వెళ్ళిన రోజు ఆకాశం కడిగినట్టుంది. దారిలో నాలుగుచోట్ల ఆగి, ఆమె నాలుగుసార్లు ఆయన నాడి చూసి, ఆయన నాలుగుసార్లు విసుక్కుని, మొత్తానికి పైకి చేరారు. అక్కడొక రాతిగది, ముందొక బెంచీ, బెంచీ మీద ఒక ముసలాయన ఉన్నాడు.

“కాళ్ళు పోయాయండీ బాబూ,” అంటూ కళ్ళజోళ్ళాయన అదే బెంచీ మీద కూలబడ్డాడు.

ముసలాయన వంగి ఆ కాళ్ళ వంక శ్రద్ధగా చూశాడు. “ఉన్నాయే,” అన్నాడు.

మంచి హాస్యగాడే దొరికాడని ఇద్దరూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు. ఎదురుగా మంచుకొండలు తెల్లగా, చేయి చాస్తే అందేటంత దగ్గరగా నిలబడి ఉన్నాయి. కళ్ళజోళ్ళాయన జోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమెకు కడుపు నిండిపోయింది. ఒక్కటే కాస్త తేడాగా తోచింది. ఆ చలికి తమ మాటలు పొగలు కక్కుతున్నాయి, ముసలాయన నోట్లోంచి మాత్రం ఆవిరి రావడం లేదు. వయసు మీద పడితే ఒంట్లో వేడి తగ్గుతుంది కాబోలని సరిపెట్టుకుంది.

గంట తర్వాత కళ్ళజోళ్ళాయన లేచి, మర్యాదగా “వస్తానండీ,” అన్నాడు.

“ఎప్పుడు?”

ఆయనకు సరదా పుట్టింది. “రేపే,” అన్నాడు.

ముసలాయన తల పంకించి, ఆయన కూర్చున్నచోట బెంచీని అరచేత్తో తుడిచాడు.

సాయంత్రం ఈ ముచ్చటంతా లాడ్జి నడిపే పెద్దావిడకు చెబుతుంటే, గిన్నెలో గరిటె ఆగిపోయింది. కళ్ళజోళ్ళాయన చేతులు కడుక్కోవడానికి లేచేదాకా ఆగి, పెద్దావిడ ఆమెతో మెల్లిగా చెప్పింది. ఊళ్ళోవాళ్ళు కూడా పైకి వెళతారట, చూస్తారట, నోరు మెదపకుండా దిగిపోతారట. ఆ ముసలాయన దగ్గర ఏ మాట అంటే ఆ మాట జరిగి తీరాలట. అన్నమాట చేయకపోతే ఏమవుతుందని ఆమె అడిగింది.

“ఏమో తల్లీ. చేయనివాళ్ళు ఇంతవరకూ లేరు,” అంది పెద్దావిడ.

తెల్లవారి ఆమె లేచేసరికి కళ్ళజోళ్ళాయన బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. జోడు మంచం పక్కనే ఉంది. జోడు లేనిదే గుమ్మం కనబడని మనిషి గడియ సూటిగా పట్టుకున్నాడు. ఆమె లాగి కూర్చోబెట్టింది. కూర్చున్నకొద్దీ ఆయన పెదాలు నీలంగా మారాయి.

“వస్తానన్నానుగా. ఆలస్యమైపోతోంది,” అన్నాడు.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ కొండను వెతికి పట్టి, ఈయన్ని చేజేతులా తెచ్చి అప్పగించింది తనే. పెద్దావిడను పిలిచి ఆయన్ని పట్టుకోమంది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చా అని అడిగితే, ఇంతవరకూ ఎవరూ అడగలేదంది ఆవిడ. ఆ మాట చాలు. రెండు గంటల కొండను ఆమె గంటంబావులో ఎక్కింది.

ముసలాయన బెంచీ మీదే ఉన్నాడు. ఆమె ఊపిరి కూడదీసుకుని, ఒక్కో మాటా తూచి చెప్పింది. నిన్న తన భర్త అన్నది సెలవు తీసుకునే మాట. తమవాళ్ళు వెళ్ళేటప్పుడు అలాగే అంటారు.

“వెళుతూ వస్తానంటారా?” ముసలాయన ఆశ్చర్యపోయాడు. “వెళతానంటే పోయె కదా.”

“అలా అనకూడదండీ. అంటే మళ్ళీ రారని అర్థం.”

“మరి మీ ఆయన వస్తాడా?”

“రారు,” అంది.

ఇన్నేళ్ళలో తనకు ఎవరూ విడమరిచి చెప్పలేదని, ఆ మాట తిరిగి ఇచ్చేస్తున్నానని ముసలాయన అన్నాడు. అంతలోనే ఆమె ఫోను మోగింది.

“ఎక్కడికెళ్ళావే పొద్దున్నే? ఆకలేస్తోంది. నా టాబ్లెట్లేవీ?” ఆ విసుగు ముమ్మాటికీ కళ్ళజోళ్ళాయనదే.

ఆమె ఏడుస్తూ నవ్వింది. లోకంలో ఇంత తియ్యటి సణుగుడు ఇంకొకటి లేదనిపించింది. మిగతావన్నీ ఎదురుగా కూర్చుని చెప్పుకోవచ్చులే అనుకుంది. “బల్ల సొరుగులో ఉన్నాయి. ముందు తినండి, తర్వాత వేసుకోండి,” అంది. తర్వాత, ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఫోనూ పెట్టేసే ముందు అనే మాటే అంది.

“సరే, ఉంటాను మరి.”

ఫోను జేబులో పెట్టుకుంటుండగా తానేమన్నదో ఆమె చెవికి తగిలింది. తల తిప్పింది. అది ఫోనులో మాట అని, మీతో అన్నది కాదని చెప్పబోయింది, నోరు తెరుచుకోలేదు. ముసలాయన బెంచీ మీద ఓ పక్కకు జరిగి చోటిచ్చాడు.

“ఉండండమ్మా,” అన్నాడు, ఎంతో మర్యాదగా.

కింద లాడ్జిలో కళ్ళజోళ్ళాయన తిని, టాబ్లెట్లు వేసుకుని, ఆమె పళ్ళెం మీద మూత పెట్టి, గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు.