గుడంతా గోక్కున్న ఆదివారం

"ఇది ఊరందరికీ అంటుకుంటే ఎలాగండీ?" అంది పెర్సిస్ భర్త రూబెన్‌తో. అప్పటికి ఎవరికీ ఏమీ కాలేదు. ఏలూరులో నర్సింగ్ చదివే కూతురు గ్రేస్ శనివారం మండవల్లి వచ్చి, రొయ్యల ఇగురు తిని, మోచేతుల మీద దద్దుర్లు గోక్కుంటోంది, అంతే.

"రొయ్యలు పడలేదమ్మా. ఒళ్ళు హిస్టమిన్ అనేదాన్ని వదిలింది. అది చర్మంలో నరాల్ని రేపితే మెదడుకి దురదని కబురెళ్తుంది. మాత్ర వేసుకున్నాలే."

"మరి గోక్కుంటే హాయిగా ఉంటుందేమిటే?"

"గోకితే కాస్త నొప్పి పుడుతుంది. ఆ నొప్పి దురదని కాసేపు నొక్కేస్తుంది. తర్వాత చర్మం రేగి ఇంకా పెరుగుతుంది."

ఏడో తరగతితో బడి మానేసిన పెర్సిస్‌కి ఇందులో ఒక్క మాటే చెవికెక్కింది, పెరుగుతుందని. తెల్లారేసరికి అది ఆవిడ బుర్రలో కుష్ఠు దాకా పెరిగింది.

ఆదివారం గుడిలో పాస్టరు నిత్యానందంగారు ప్రార్థన మనవులు చెప్పమనగానే పెర్సిస్ లేచింది. గ్రేస్ కొంగు పట్టి లాగినా కూర్చోలేదు.

"మా అమ్మాయికి ఒళ్ళంతా దురదండీ. గోకేకొద్దీ పాకుతోందండీ. ఇదిగో, ఇలా మెడ మీద, వీపు మీద..." చేత్తో చూపించింది కూడా.

అందరూ కళ్ళు మూసుకున్నారు. ముందు సారమ్మగారి చెయ్యి మెడ మీదికి వెళ్ళింది, తర్వాత పక్కావిడది. ఆమేన్ అనేసరికి ఆడవాళ్ళ వైపు చాపలన్నీ కదులుతున్నాయి. పాస్టరుగారు ఒక చేత్తో దీవిస్తూ రెండో చేత్తో చెవి వెనక గోక్కుంటున్నారు.

"చూశావా, గుడంతా పాకేసింది," అంది పెర్సిస్ కూతురితో. బయటికి రాగానే సారమ్మగారు మనవరాలిని గ్రేస్ పక్కనించి లాక్కుపోయారు.

"దురద మాట విన్నా, గోక్కునేవాళ్ళని చూసినా మెదడు తనంతట తనే దురద పుట్టిస్తుంది, ఆవులింతలాగ," అంది గ్రేస్. "అంటించింది నేను కాదు. నువ్వు."

ఇంటికెళ్ళి సంచి సర్దుకుంది. అన్నం తినకుండా ఏలూరు బస్సెక్కింది. పెర్సిస్ కూడా ఎక్కి పక్కన కూర్చుంది. దద్దుర్లు పొద్దున్నే పోయాయని అప్పుడు చూసింది మహాతల్లి. ఇన్ని భయాలు ముందే పడే మనిషికి, పిల్ల ఇంటికి రావడం మానేస్తుందేమోనన్న భయం మాత్రం ఆలస్యంగా తట్టింది.

"మళ్ళీ ఇంటికొస్తావా గ్రేసూ?"

కైకలూరు దాటింది. కొల్లేరు మీద కొంగలు, చేపల చెరువుల గట్లు వెనక్కి పోయాయి. గ్రేస్ కిటికీ వైపే చూస్తోంది. మళ్ళీ అడగబోయి పెర్సిస్ నాలిక కరుచుకుంది. ఏలూరు ఇళ్ళు మొదలయ్యాయి.

"వస్తానులే," అంది గ్రేస్. "ముందు నువ్వు ఆ మెడ గోక్కోవడం ఆపు, తోలు లేచిపోతోంది."