మేనత్త పెట్టిన పేరు

కూతురు పుడితే సోఫీ అని పిలుచుకోవాలని ఫొలావు పదేళ్లుగా మనసులో పెట్టుకున్నాడు. పసిఫిక్ దీవుల దేశం టోంగాలో లెక్కల మాస్టారతను. అతని తరగతి గోడ మీద ఆర్కిమిడీస్, ఆర్యభట, ఆయిలర్, గౌస్ వరసగా ఉంటారు. వాళ్లందరి మధ్య ఒక్క ఆడమనిషి, సోఫీ జెర్మేన్.

పాప పుట్టి వారమైంది. కానీ అక్కడి ఆచారంలో పేరు పెట్టే హక్కు మేనత్తది. వవావు దీవి నుంచి అక్క మెలెసేని నిన్ననే ఓడ దిగింది. ఆ ఆచారం ప్రకారమే, ఊహ తెలిశాక అక్క ఉన్న గదిలో తమ్ముడు అడుగుపెట్టడు, ఎదురుపడి ఫలానాది కావాలని అడగడు.

"బడి అంతటికీ పాఠాలు చెప్తావు, ఇంట్లో ఒక్క పేరు చెప్పుకోలేవు. పోనీ నేనడగనా?" అంది భార్య లూపే.

"వద్దు. అక్క ఏది పెడితే అదే."

మధ్యాహ్నం అతను వరండాలో కూర్చుని, చేమాకు కూరకి కొబ్బరి కోరుతున్నాడు. లోపల అక్క చాప అల్లుతూ లూపేతో మాట్లాడుతోంది.

"మా అమ్మ పేరు పెడదామనే బయల్దేరాను."

ఫొలావు చెయ్యి ఆగింది. మంచిదే, అనుకుని మళ్లీ కోరసాగాడు.

"కానీ రాత్రంతా ఈ పాప దీపాన్నే చూస్తూ ఉంది, లూపే. చిన్నప్పుడు మీ ఆయన లోపల కూర్చుని గట్టిగా చదివేవాడు. నేను బయట గోడకానుకుని అల్లుకునేదాన్ని. ఓ రోజు ఎవరో పిల్ల కథ చదివాడు. చదువుకోకుండా ఇంట్లోవాళ్లు కొవ్వొత్తులు లాగేసుకుంటే, దాచుకున్న ముక్కలు వెలిగించుకుని, దుప్పటి చుట్టుకుని లెక్కలు చేసేదట. అది వింటూ అల్లిక తప్పాను. నాలుగు వరసలు విప్పాల్సొచ్చింది."

"నువ్వూ చదువుకోవాల్సింది, వదినా."

"ఇంట్లో ఒక్కరినే పంపగలిగారు. వాడి గొంతుతో నేనూ కాస్త చదువుకున్నాన్లే. ఆ పిల్ల పేరే, సోఫీ అని పెట్టండి. ఆ కథ సగంలో ఉండగా అమ్మ వాణ్ణి కట్టెలకి పంపింది. తర్వాత ఏమైందో నాకు తెలీనే లేదు."

ఫొలావు కొబ్బరిచిప్ప కింద పెట్టాడు. గొంతు సరిచేసుకుని, పెరట్లో కోడివైపు చూస్తూ గట్టిగా అన్నాడు:

"లూపే, విను. ఆ పిల్ల పెద్దయ్యాక మగవాడి పేరుతో గౌస్‌కి ఉత్తరాలు రాసింది."

"నాకు తెలుసుగా. పెళ్లైన కాణ్ణుంచీ వింటున్నా."

"మళ్లీ విను."

లోపల చాప ఆకుల గరగర ఆగిపోయింది. మెలెసేని నెమ్మదిగా అంది:

"ఆడపిల్ల అని తెలిశాక ఆ గౌస్ ఏమన్నాడో అడుగు, లూపే."