సాలమ్మవ్వ ప్రార్థన చేయని ఆదివారాలు

షామీర్‌పేట చెరువుకు కాస్త ఇవతల, రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థనా మందిరం ఒకటి ఉంది. మే నెల చివరి శనివారం మధ్యాహ్నం ఆ మందిరం నవ్వులతో నిండిపోయింది. పిల్లల సెలవుల బైబిలు తరగతులు ఆరోజుతో ముగిశాయి. తలాంతుల పోటీ నడుస్తోంది. కొందరు పాటలు పాడారు, కొందరు కీర్తనలు కంఠతా అప్పజెప్పారు. చివరగా పదేళ్ల అంకిత లేచి, "నేను మిమిక్రీ చేస్తాను" అంది.

అంకితకు దేవుడు మంచి చెవినిచ్చాడు. మేడ్చల్‌లో వాళ్ల ఇంటి కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, వీధిలోని గొంతులన్నీ ఆ పిల్లలోకి వచ్చి కాపురం పెట్టేవి. ఆటోలో ఉల్లిగడ్డలు అమ్మే మైకు, బస్సు కండక్టరు సాగదీసే పిలుపు, వాన ముందు పావురాల గురగుర. మధ్యాహ్నపు కునుకులో ఆ గొంతులన్నీ తనలోపల కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఆమెకు అనిపించేది.

ఆరోజు ముందు కండక్టరు వచ్చాడు. తర్వాత పాస్టరు అయ్యగారు వచ్చారు. ఆ తర్వాత అంకిత తలమీద చున్నీ కప్పుకుని, నడుం వంచి, గొంతు వణికించింది.

"నాయినా, యేసయ్యా... గండయ్య మోకాళ్లు గుంజుతున్నయంట, జెర సూడు నాయినా. గా కరెంటోళ్లు తీగలు కిందికేసి పోయిన్రు, పోరగాళ్లకు తాకకుండ నువ్వే అడ్డం నిలవడు నాయినా. ఆగు, పోకు, ఇంకో ముచ్చట మర్సిన..."

మందిరం గొల్లుమంది. అది సాలమ్మ ప్రార్థన. ఆమెకు డెబ్బై దాటాయి. చేపల వలలు బాగుచేసి బతుకుతుంది. చదువు రాదు. ఆ మందిరం గుడిసెగా ఉన్నప్పటి నుంచీ ఆదివారం ఆరాధనలో అందరి కోసం ప్రార్థించేది ఆమే. ఆ ప్రార్థన పావుగంటకు తగ్గదు. అందులో ఊళ్లో వాళ్లంతా పేరుపేరునా వస్తారు.

అంకిత తండ్రి జైపాల్ పకపకా నవ్వుతూ ఫోనులో వీడియో తీశాడు. సాలమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "చూడండి, అవ్వ కూడా నవ్వుతోంది" అన్నారు పక్కనున్నవాళ్లు. తరగతులు చెప్పిన శైలజ టీచరు అంకితకే మొదటి బహుమతి ఇచ్చింది. అందరూ భోజనాలకు లేచారు. సాలమ్మ అన్నం తినకుండా వెళ్లిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

మరుసటి ఆదివారం అయ్యగారు ఎప్పటిలాగే "సాలమ్మా, ప్రార్థన చెయ్యి తల్లీ" అన్నారు. ఆమె కూర్చున్నచోటే తల అడ్డంగా ఊపింది. "గొంతు మంచిగ లేదయ్యా." ఆ పై ఆదివారమూ అదే మాట. మూడో ఆదివారం ఆమె రాలేదు. అన్వేష్ అనే యువకుడు లేచి, చక్కని గ్రాంథికంలో రెండు నిమిషాల్లో ప్రార్థన ముగించాడు. లోకంలోని రోగులందరినీ జ్ఞాపకం చేసుకున్నాడు. ఒక్క పేరు మాత్రం చెప్పలేదు. అందరూ 'ఆమేన్' అన్నారు. ఎవరికీ ఏ లోటూ కనబడలేదు, పైగా ఆరాధన కాస్త ముందే అయిపోయిందని సంతోషించారు.

జూన్ నెల సగమైంది. ఒక మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. కిటికీ ఊచల మీద నీటిబొట్లు వరుసగా వేలాడుతున్నాయి. అంకిత తండ్రి ఫోను తీసుకుని తన వీడియో మళ్లీ పెట్టుకుంది. ఇదివరకు చూసినప్పుడల్లా తననే చూసుకుంది. ఆరోజు ఎందుకో ఆమె చూపు మూలకు పోయింది. అక్కడ చాప మీద సాలమ్మ ఉంది.

"నాయినా, యేసయ్యా" అని వీడియోలో అంకిత అనగానే, సాలమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. కళ్లు మూసుకుంది. చేతులు జోడించింది. గండయ్య పేరు రాగానే ఆమె పెదవులు మెల్లగా కదిలాయి. ఆమేన్ అంటున్నాయి.

తర్వాత నవ్వు లేచింది. సాలమ్మ కళ్లు తెరిచి అటూ ఇటూ చూసింది. అందరూ నవ్వుతున్నారని తెలుసుకుని, కొంగు అడ్డం పెట్టుకుని తానూ నవ్వింది.

అంకిత ఆ ముక్కను నాలుగైదు సార్లు చూసింది. వాన ఆగినా ఆ పిల్ల కిటికీ దగ్గర్నుంచి లేవలేదు. సాయంత్రం తండ్రికి ఫోను చూపించి, "డాడీ, అవ్వ నేను నిజంగా ప్రార్థన చేస్తున్నాననుకుంది" అంది. జైపాల్ చూశాడు. బండి తాళాలు తీసుకున్నాడు.

సాలమ్మ ఇంటి ముందు నీలం వల పరుచుకుని బాగుచేస్తోంది. వాన వెలిసిన వెలుతురు చెరువు నీళ్ల మీద పడి, గోడ మీద నెమ్మదిగా ఊగుతోంది. పొరుగింటి గండయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"వచ్చినవా బిడ్డా! నా మోకాళ్లను ఫేమస్ జేసినవంట గద! ఇగ డాక్టర్ గూడ ఫీజు అడగడేమో!"

"నువ్వు సప్పుడు జెయ్యక కూసో" అంది సాలమ్మ. "జైపాలూ, నిలవడ్డవేంది, కూసో. బిడ్డా, నేరేడు పండ్లున్నయి, తింటవా?"

అంకిత పండ్లు తీసుకోలేదు. "అవ్వా, నువ్వు ఆరోజు నిజంగా ప్రార్థన అనుకున్నావు కదా?"

వలలో సాలమ్మ చేతులు ఆగాయి.

"అవ్ బిడ్డా. అరె, గీ పిల్లకు గూడ నా లెక్కనే అందరు యాదికున్నరే అని మస్తు సంబురమైంది. కండ్లు మూసుకున్న."

"మాఫ్ చెయ్యి అవ్వా."

"ఎప్పుడో జేసిన. నీ మీద కోపం లేదు." ఆమె దారం పంటితో తెంపింది. "గని ఎనుకట కండ్లు మూస్తే దేవుడు గిట్ల ఎదురుంగ కూసున్నట్టుండె. ఇప్పుడు గా నవ్వుడే ఇనవడ్తాంది. నోరు తెరవ బుద్ధయితలేదు."

అంకితకు ఏడుపు వచ్చింది. క్షమించమంటే అంతా సరిపోతుందనుకుంది ఆ పిల్ల. క్షమించాక కూడా సాలమ్మ ప్రార్థనకు నోరు తెరవలేకపోతుందని ఊహించలేదు.

"ఈ ఆదివారం రా అవ్వా. నువ్వు ప్రార్థన చెయ్యకు. ఊరికే కూర్చో."

సాలమ్మ ఆ పిల్ల మొహం చూసి, "సరే తియ్, వస్త" అంది. పండ్లు గుప్పెడు అంకిత జేబులో పోసింది.

తిరుగు దారిలో చెరువు పక్క జైపాల్ బండి ఆపాడు. ఫోను తీసి వీడియో చెరిపేశాడు. "నేను గూడ నవ్విన బిడ్డా. ఊరందరికీ పంపిన" అన్నాడు మెల్లగా.

"నాకు అవ్వ ప్రార్థన మొత్తం వచ్చు డాడీ. పేర్లన్నీ వచ్చు."

"మళ్ల మిమిక్రీనా?"

"కాదు. నా గొంతుతో చేస్తాను."

ఆదివారం సాలమ్మ వచ్చి తలుపు పక్కన కూర్చుంది. ప్రార్థన వేళకు అంకిత లేచి అయ్యగారి దగ్గరికి వెళ్లి, చెవిలో ఏదో అడిగింది. ఆయన తల ఊపారు. ఆ పిల్ల తలమీద చున్నీ కప్పుకోగానే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంకిత గొంతు వణకలేదు, నడుం వంగలేదు. అది పదేళ్ల పిల్ల గొంతే.

"యేసయ్యా, గండయ్య తాత మోకాళ్ల నొప్పి తగ్గించు. కాలనీలో సీతామహాలక్ష్మి ఆంటీ ఎండాకాలమంతా మన మందిరానికి మంచినీళ్లు పంపింది, వాళ్ల ఇంటిని చల్లగా చూడు..."

ఒక్కొక్క పేరే వస్తోంది. నవ్వబోయినవాళ్లు నవ్వలేకపోయారు. తమ పేరు, తమ పిల్లల పేరు, తాము ఎప్పుడో సాలమ్మ చెవిన వేసిన కష్టం ఆ పిల్ల నోట వినబడుతుంటే ఒక్కొక్కరే తల వంచారు. రేకుల సందులోంచి జారిన వెలుగు చాపల మీద నిద్రపోతున్నట్టు పడి ఉంది.

"పాల కేంద్రంలో పనిచేసే పద్మలతక్కకు కాన్పు సుఖంగా అయ్యేటట్టు..."

"అయిపాయె బిడ్డా!" తలుపు దగ్గర్నుంచి సాలమ్మ కేక. "మంగళారమే అయింది కాన్పు! ఆడపిల్ల. పిల్లకు కామెర్లని దవాఖానల పెట్టిన్రు. గా పిల్ల కొరకు అడుగు!"

అంకితకు వచ్చింది పాత ప్రార్థన. ఈ వారం ఎవరింట్లో ఏం జరిగిందో ఆ పిల్లకు తెలియదు. నిస్సహాయంగా వెనక్కి చూసింది. "ఎట్లా అడగాలి అవ్వా?"

సాలమ్మ లేచి నిలబడింది. కొంగు తలమీదికి లాక్కుంది.

"నాయినా, యేసయ్యా... గా పసిగుడ్డు పిడికెడంత లేదు నాయినా..."

ఆ తర్వాత ఆమె ఆగలేదు. మధ్యలో "ఆగు, పోకు" అని కూడా అంది. ఎవరూ నవ్వలేదు. అంకిత ఆమె పక్కకు వెళ్లి నిలబడి, ప్రతి పేరుకూ 'ఆమేన్' అంటూ ఉంది. ప్రార్థన ఇరవై నిమిషాలు దాటింది.

ఆరాధన ముగిశాక చెట్టు కింద టీ గ్లాసులు పట్టుకుని తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ఒక తల్లి మెచ్చుకోలుగా, "వచ్చే పోటీకి కూడా మొదటి బహుమతి అంకితదే" అంది. శైలజ టీచరు గ్లాసు పక్కన పెట్టింది.

"పోయినసారి ఆ బహుమతి ఇచ్చింది నేనేనండీ. పిల్ల గొంతు బాగుందని చూశాను. ఆ గొంతు ఎవరి మనసుకు తగులుతోందో చూడలేదు. అక్షరం రాని మనిషి మాటతీరు మనకు వేడుకైంది. పిల్ల ఆ వేడుకను మన దగ్గరే నేర్చుకుంది. పాటలు నేర్పిస్తున్నాం, స్టేజీ ఎక్కిస్తున్నాం, ఫొటోలు తీసుకుంటున్నాం. అక్కడితో మన పని అయిపోదు. దేవుడు పిల్లలకు ఇచ్చిన వరం ఎంత గొప్పదో చెప్పి ఊరుకోకండి. దాన్ని ఎవరికి ఆసరాగా నిలబడటానికి ఇచ్చాడో చిన్ననాడే చేయిపట్టి చూపించండి."