వార్త కింద ఆకుపచ్చ బటన్

మా ఇంట్లో నోటి దురుసు నాకు. మా తమ్ముడు పాపం మెతక మనిషి. అయినా ఆ రోజు నోరు జారింది వాడే. వాడి వెనకాలే నేనూ.

పాడైపోయిన చక్రాల కుర్చీలు తెచ్చి, బాగుచేసి, కొనుక్కోలేనివాళ్ళకి ఊరికే ఇవ్వడం మా షెడ్డు పని. బేరింగులు మార్చేదీ బ్రేకులు బిగించేదీ మా ఆయన. ఆయన కూర్చునేదీ చక్రాల కుర్చీయే. పెళ్ళయిన కొత్తలో బస్సు బోల్తా పడి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. ఫోన్లెత్తడం, చందాలకి బతిమాలడం నా వంతు. ఆ చందాలూ ఆగిపోయి, ట్యూబులు కొనే దిక్కు కూడా లేక, ఇక తలుపులు మూసేద్దామనుకుంటున్న రోజుల్లో తమ్ముడు లాప్‌టాప్ పట్టుకుని దిగాడు.

"అక్కా, జనం కంప్యూటర్లో వార్త చదువుతారు, అయ్యో పాపం అనుకుంటారు, ఇంకో వార్తకి పోతారు. ఆ అయ్యో పాపం చల్లారకముందే ఒక దారి చూపిస్తే?"

వాడి ఆలోచన ఇదీ. బ్రౌజర్‌లో ఒక్కసారి పెట్టుకుంటే చాలు, చదివే ప్రతి వార్త కిందా ఓ ఆకుపచ్చ బటన్ వస్తుంది. నొక్కితే అలాంటి కష్టంలో ఆదుకునే సంస్థల పేర్లు కనబడతాయి. అక్కడికక్కడే డబ్బు పంపొచ్చు. వరద వార్తయితే పడవలవాళ్ళు, ఇళ్ళు కాలితే బట్టలూ దుప్పట్లూ ఇచ్చేవాళ్ళు.

"మరి మేమెప్పుడొస్తాంరా?" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "ఎవరికైనా కాళ్ళు పోయిన వార్త వస్తే..."

మా ఆయన పగలబడి నవ్వాడు. "అంటే ఎవడో ఒకడు పడితేగానీ మీ అక్క షెడ్డు నిలబడదన్నమాట! ఏరా బావమరిదీ, నన్నే మళ్ళీ ఓ బస్సెక్కించకూడదూ?"

"ఛీ, అవేం మాటలు!" అని కసిరాను. బావాబావమరుదులిద్దరికీ వేళాకోళం లేనిదే ముద్ద దిగదు.

బటన్ బాగానే పాకింది. పడవలవాళ్ళకి డబ్బొచ్చింది, దుప్పట్లవాళ్ళకీ వచ్చింది. మాకే రాలేదు. మా కోసం మొదలుపెట్టిన పనాయె, తమ్ముడికి బెంగ పట్టుకుంది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, పాత టైర్ల మీద కూలబడి, వార్తలన్నీ తిరగేసేవాడు. "ఇవాళా ఏం లేదక్కా" అనేవాడు దిగులుగా. ఏం లేదంటే, ఎక్కడా ఎవరికీ కాళ్ళు పోలేదని. ఆ సంగతి మాకిద్దరికీ తట్టనే లేదు. "అయ్యో, పోనీలేరా, రేపు చూద్దాం" అని నేనే వాణ్ణి ఓదార్చేదాన్ని.

ఓ పొద్దున ఫోన్ మోగింది. నా చేతులకి గ్రీజు ఉంటే స్పీకర్ పెట్టాను.

"అక్కా! వచ్చిందక్కా! బస్సు బోల్తా పడింది! అందరికంటే పైన మన పేరే! జనం నొక్కుతూనే ఉన్నారు. ఇక షెడ్డుకి ఢోకా లేదు!"

"నా బంగారు తండ్రే!" అని ఎగిరి గంతేసినంత పని చేశాను.

అప్పుడు చూశాను మా ఆయన వైపు. చేతిలో స్పానర్ ఆగిపోయి ఉంది. ఫోన్లో తమ్ముడి గొంతు కూడా పడిపోయింది. "బావ... అక్కడే ఉన్నాడా?"

"ఉన్నానురా," అన్నాడు మా ఆయన. "మంచి పని చేశావు."

అంతే. ఎగతాళి చేసినా బాగుండేది. తిట్టినా బాగుండేది.

షెడ్డు నిలబడింది. కొత్త టైర్లొచ్చాయి. తమ్ముడు మాత్రం గుమ్మం దగ్గరే రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. "ఏరా, లోపలికి రావేం?" అని బావ పిలిచినా, "పనుంది బావా" అనేవాడు.

మా ఆయన ఆస్పత్రికి ఫోన్ చేశాడు, ఆ బస్సులోవాళ్ళకి ఎన్ని కుర్చీలు కావాలన్నా ముందు వాళ్ళకే ఇస్తామని. మొదట వచ్చినావిడ దర్జీ. ఆవిణ్ణి కారులో తీసుకురమ్మని తమ్ముణ్ణి నేనే గదమాయించి పంపాను. తీసుకొచ్చి, ఓ మూల నిలబడ్డాడు.

మా ఆయన ఆవిడ కాళ్ళకి సరిపోయేలా కుర్చీ పాదాల పలక సర్దుతుంటే ఆవిడ అడిగింది. "మేం అడక్కుండానే మీరే కబురుచేశారట. మా సంగతి మీకెలా తెలిసిందయ్యా?"

"మా బావమరిది వార్త చూశాడమ్మా," అన్నాడాయన. "చూడగానే, క్షణం ఆగకుండా మాకు ఫోన్ చేశాడు."

దెప్పడానికి కాదు. వాడు మళ్ళీ తలెత్తుకోవాలనే అన్నాడు. ఆయన మనసు నాకు తెలియదా?

ఆవిడ తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "ముక్కూ మొహం తెలియనివాళ్ళం. మా కోసం అంత తల్లడిల్లిపోయావా నాయనా?"

వాడు చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు. "నేను..." అన్నాడు. బావ వైపు చూశాడు. ఆయన తల వంచుకుని, బిగించిన నట్టునే మళ్ళీ బిగిస్తున్నాడు. ఇంత నోరున్నదాన్ని, మంచినీళ్ళు తెస్తానని నేనూ అక్కణ్ణించి తప్పుకున్నాను.