సీసాకు ఆనించిన కుందేలు

పిల్లల కార్యక్రమంలో మీరు చూసే ఏనుగు నా కుడిచెయ్యే. లోపల సెన్సార్లు కుట్టిన గుడ్డ ఏనుగును నేను బల్ల మీద ఎలా ఆడిస్తే, తెరమీది ఏనుగు అలా ఆడుతుంది. పక్క కుర్చీలో అక్క, ఆవిడ చేతిలో కుందేలు. సొంత అక్క కాదు. పదకొండేళ్లు మోచేతులు రాసుకుంటూ పనిచేశాక పిలుపు అలా స్థిరపడింది. ఇద్దరం ఒంటికాయ సొంఠికొమ్ములమే.

ఆవిడ చేతికి వణుకు వచ్చింది. తెరమీద కుందేలూ వణికింది. రెండు నెలల క్రితం ఇంటికి పంపేశారు. ఫోన్ చేస్తే ఎత్తదు. ఇప్పుడు ఏనుగూ నేనే, కుందేలూ నేనే. పక్క కుర్చీలో నా సంచి కూర్చుంటోంది.

రోజూ పొద్దున్నే బొమ్మలకు సున్నా పెట్టాలి. నిటారుగా నిలబెట్టి మీట నొక్కితే, అదే తిన్నదనమని కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. వంకరగా నిలబెడితే రోజంతా తెరమీద ఎదురువైపు వంకర. అక్క కుందేలును ఏనుగుకు అవతలి వైపు మంచినీళ్ల సీసాకు ఆనించి నొక్కేది. బద్ధకమనుకున్నాను. ఆవిడ వెళ్లాక అలవాటుకొద్దీ నేనూ అలాగే చేశాను. తెరమీద కుందేలు ఎప్పుడూ ఏనుగు వైపు కాస్త ఒరిగే ఉండేది.

కొత్త టెక్నీషియన్ అది చూసి నవ్వాడు. "ఇన్నాళ్లూ తప్పు సున్నాతోనే లాగించారా మేడమ్?" అని సీసా తీసేసి సరిచేశాడు. చూసే పిల్లలకు లేని బాధ ఇతనికెందుకో! కందకు లేని దురద కత్తిపీటకట.

ఆ రోజు ప్రసారం అయిన వెంటనే ఫోన్ మోగింది. అక్క!

"కుందేలు అంత బిర్రబిగుసుకుపోయిందేమిటే? ఏనుగు ఏమైనా అందా?"

"లేదక్కా. నీ సున్నా తప్పట. సరిచేశారు."



"తప్పు కాదే. నువ్వు చేరిన రోజు నీ ఏనుగు బిక్కచచ్చిపోయి ఓ మూల నిలబడింది. తోడుంటుందని అలా పెట్టా. తర్వాత మార్చబుద్ధి కాలేదు."

నేను నోరు తెరిచేలోపు పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. పదకొండేళ్లు నావైపు ఒరిగిన మనిషి వైపు నేను ఒక్కరోజూ ఒరగలేదు. ఏడుపు ఆగలేదు.

మర్నాడు టెక్నీషియన్ రాకముందే వెళ్లాను. కుందేలును సీసాకు ఆనించాను. ఏనుగును రెండోవైపు నా టిఫిన్ డబ్బాకు ఆనించి మీట నొక్కాను. తెరమీద రెండూ ఒకదాని మీదికొకటి ఒరిగాయి.

ఫోన్ ఒళ్లోనే పెట్టుకున్నాను. సాయంత్రం దాకా మోగలేదు.

చూసే ఉంటుంది.